పనిముట్టు సంపద కాదు

"రైతులు పైసా పన్ను కట్టరు. మేం కట్టే పన్నులతోనే వాళ్ళకు సబ్సిడీలూ రుణమాఫీలూ." మద్దతు ధర అడిగినప్పుడల్లా, పంట నష్టపరిహారం అడిగినప్పుడల్లా ఈ మాట మన మొహాన కొడుతున్నారు. టీవీ చర్చల్లో అంటారు, బ్యాంకు కౌంటర్ దగ్గర అంటారు, బస్సులో పక్క సీట్లో కూర్చున్నాయన కూడా అంటాడు. ఇంతమంది అంటుంటే మనలోనే కొందరు నిజమే కాబోలు అనుకుని తల దించుకుంటున్నారు.

తల దించుకోవలసిన పని లేదు. రైతు పన్ను కట్టని కాలం ఏదీ లేదు. మిగతావాళ్ళు సంపాదించాక కడతారు. రైతు సంపాదించక ముందే, పంట ఇంటికి రాకముందే, పని చేసుకునే సాధనం మీదే కడుతూ వస్తున్నాడు. ఆ సాధనం ఒక చోట గుర్రం, ఒక చోట మగ్గం, ఒక చోట పశువుల మంద. ఇవాళ అది ట్రాక్టరు, పురుగుమందు డబ్బా. ఎన్ని మారినా పాలకుల లెక్క మారలేదు. బతుకుతెరువును పట్టుకుని ఆస్తి అని రాసుకోవడమే ఆ లెక్క.

అందుకే ఈ నెల కొన్ని పాత పన్ను చిట్టాలు తిరగేద్దాం. మొదటి చిట్టా మనది కాదు, మనల్ని ఏలిన బ్రిటన్‌ది. సొంత రైతునే వాళ్ళు ఎలా లెక్కగట్టారో చూస్తే మన తాతముత్తాతలను ఏ కంటితో చూశారో అర్థమవుతుంది.

పొయ్యి నుంచి గుర్రం దాకా

ఇంట్లో ఏముందో తొంగిచూసి పన్ను వేయడం ఆ రాజ్యానికి పాత అలవాటే. 1662లో ఇంగ్లండులో పొయ్యి పన్ను వేశారు. ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అన్నిటికీ, పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. లెక్క తేల్చడానికి పన్ను మనిషి ఇంట్లోకి వచ్చి మరీ పొయ్యిలు ఎంచేవాడు. జనం ఛీ కొట్టారు. 1689లో ఎత్తేశారు. ఏడేళ్ళు తిరిగేసరికి, 1696లో, కిటికీ పన్ను వచ్చింది. దీనికి ఇంట్లోకి రానక్కర్లేదు, వీధిలో నిలబడి ఎంచుకోవచ్చు! జనం కిటికీలకు ఇటుకలు కట్టి మూసుకున్నారు. చీకట్లో కూర్చున్నారు గాని పన్ను మాత్రం పోలేదు. 1851 దాకా, అంటే 155 ఏళ్ళు సాగింది.

1783 చివర విలియం పిట్ ప్రధాని అయ్యేనాటికి అమెరికా యుద్ధం మిగిల్చిన అప్పు ఖజానా నెత్తి మీద ఉంది. ఆయన పన్ను వేయని వస్తువు కోసం వెతకడం మొదలుపెట్టాడు. 1784లో సవారీ గుర్రాలు, బగ్గీ గుర్రాలు. 1785లో బండ్లు, దుకాణాలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. మగ నౌకర్ల మీద పన్ను అప్పటికే, 1777 నుంచే ఉంది. 1795లో తలకు చల్లుకునే పౌడరు, 1796లో కుక్కలు, 1797లో గడియారాలు.

ఇందులో చాలావాటిని చూస్తే మనకు కోపం రాదు. బగ్గీలో ఊరేగే దొర, తలకు పౌడరు చల్లుకునే దొర పన్ను కట్టాల్సిందే. విలాసం మీద పన్ను న్యాయమైన పన్ను. మా సంఘం దాన్ని ఏనాడూ కాదనలేదు.

అన్యాయం ఎక్కడుందంటే, ఆ జాబితా దొర గుర్రపుశాల దగ్గర ఆగలేదు. 1793లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలైంది. యుద్ధం ఖర్చు పెరిగేకొద్దీ పన్ను రైతు పాక దాకా నడిచొచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోపే పొలం దున్నే గుర్రం, బరువు లాగే కంచరగాడిద కూడా పన్ను లెక్కలోకి ఎక్కాయి. స్కాట్లండ్‌కు సంబంధించిన 1797-98 సేద్యపు గుర్రాల పన్ను రిజిస్టర్లు ఎడిన్‌బరోలోని జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. జిల్లాల వారీగా, ఊళ్ళ వారీగా రాసిన జాబితాలు అవి. రైతు పేరు, గుర్రాలెన్ని, కట్టవలసింది ఎంత. అంతే. ఆ ఏడు పంట పండిందా ఎండిందా అనే గడి ఆ రిజిస్టరులో లేదు. కౌలు కింద ఎంత పోయిందనే గడి లేదు. అప్పు గడి అసలే లేదు.

దొర గుర్రమూ గుర్రమే, రైతు గుర్రమూ గుర్రమే కదా అనొచ్చు. కాదు. అంతకు ముప్పై ఏళ్ళ క్రితమే జేమ్స్ స్మాల్ అనే పనివాడు అక్కడ తేలికపాటి కొత్త నాగలి తయారుచేశాడు. పాత బరువు నాగలికి పెద్ద ఎద్దుల మంద కావాలి, వెంట నడవడానికి మనుషులూ కావాలి. కొత్త నాగలికి రెండు గుర్రాలు, ఒక మనిషి చాలు. అంటే చిన్న రైతుకు ఆ రెండు గుర్రాలే మన కాడెద్దులు. ఒకటి చస్తే సేద్యం ఆగిపోతుంది. దొర గుర్రం చస్తే ఒక పూట షికారు ఆగుతుంది. ఈ తేడా తెలియని వాడు అంకెలు వేయగలడు గాని న్యాయం చేయలేడు.

ఈ తేడా బాగా తెలిసిన కౌలు రైతు ఒకాయన ఆ రోజుల్లోనే పన్ను అధికారికి జవాబిచ్చాడు. ఆయన పేరు రాబర్ట్ బర్న్స్. ఇవాళ స్కాట్లండ్ తన జాతీయ కవి అని నెత్తిన పెట్టుకునే మనిషి. 1786 నాటికి ఆయన, తమ్ముడు గిల్బర్ట్ కలిసి మాస్‌గీల్ అనే పొలాన్ని సాగు చేస్తున్నారు. అదీ సొంతం కాదు, కౌలుకు తీసుకున్న వాడి దగ్గర మళ్ళీ కౌలుకు తీసుకున్నది! గుర్రాలు, బండ్లు, నౌకర్ల వివరాలు ఇమ్మని తాఖీదు వచ్చింది. ఆ ఫిబ్రవరిలో ఆయన 'ఇన్వెంటరీ' అని పేరుపెట్టి వివరాలన్నీ పద్యంలో రాసి పంపాడు. సేద్యానికి నాలుగు గుర్రాలు, బండ్లంటే ఎరువు తోలే బండ్లు, ఒక పాత చేతిబండి, పనికి ముగ్గురు అల్లరి కుర్రాళ్ళు, పెళ్ళాం లేదు. ఇక మీదట సవారీ గుర్రం ఎక్కనని, కాలినడకనే తిరుగుతానని ఒట్టు కూడా పెట్టాడు. నవ్విస్తూనే ఆయన అడిగింది ఒక్కటే: ఇందులో విలాసం ఎక్కడుందో చూపించు. వ్యవసాయం గిట్టక మూడేళ్ళ తర్వాత ఆయనే ఎక్సైజు శాఖలో చిన్న ఉద్యోగిగా చేరాడు. పన్ను కట్టలేని రైతు పన్ను వసూలుకు తిరగాల్సి వచ్చింది. 1796 జులైలో, ముప్పై ఏడేళ్ళకే చనిపోయాడు.

గడియారాల వాళ్ళు గెలిచారు, గుర్రాల వాళ్ళు ఓడారు

ఇదే పిట్ కాలంలో జరిగిన ఇంకో సంగతి ప్రతి సంఘ కార్యకర్తా గుర్తుపెట్టుకోవాలి. 1797లో వేసిన గడియారాల పన్ను ప్రకారం గోడ గడియారానికి ఏడాదికి ఐదు షిల్లింగులు, బంగారు జేబు గడియారానికి పది, వెండి దానికి రెండున్నర. జనం గడియారాలు కొనడం మానేశారు. గడియారాలు చేసే పనివాళ్ళ పొట్ట కొట్టినట్టయింది. వాళ్ళు ఊరుకోలేదు. లండన్‌లో వాళ్ళకు బలమైన వృత్తి సంఘం ఉంది. అర్జీలు పెట్టారు, తిరిగారు, ఒత్తిడి తెచ్చారు. ఏడాది తిరగకుండానే, 1798లో, ఆ పన్ను రద్దయింది.

మరి దున్నే గుర్రం మీద పన్ను? అది యుద్ధకాలం పొడుగునా సాగింది. యుద్ధం అయిపోయాక కూడా కొన్నేళ్ళు ఉండి, 1820ల మొదట్లో గాని పోలేదు. గడియారం కన్నా నాగలి తక్కువదా? కాదు. గడియారాల వాళ్ళు ఒక ఊళ్ళో, ఒక సంఘంగా ఉన్నారు. గుర్రాల వాళ్ళు కొండల మధ్య, చలిలో, ఊరికొకరుగా, దొరల దయ మీద బతికే కౌలుదార్లుగా ఉన్నారు. న్యాయం ఎవరి వైపు ఉందని పన్ను అడగదు. ఎవరు విడిగా దొరికితే వాళ్ళ మీద పడుతుంది.

అదే ఏలుబడి, మన ఊళ్ళో

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. ఇది దూరపు పోలిక కాదు. 1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి అప్పగించినప్పుడు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాల్లో శిస్తు కట్టడానికి వచ్చిన థామస్ మన్రో పుట్టింది ఆ స్కాట్లండ్‌లోనే, గ్లాస్గోలో. అక్కడ దున్నే గుర్రాలను ఎంచిన రెండు మూడేళ్ళకే ఇక్కడ ప్రతి చేనూ కొలత మొదలైంది. ఆ శిస్తు మోయలేని బరువని మన్రోకే తెలిసొచ్చి 1807లో పావు వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్ళు అప్పుడు చెవిన పెట్టలేదు.

భూమి శిస్తు ఒక్కటే కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి తోడు మొహతర్ఫా అనే పన్ను ఉండేది. వృత్తి పనివాడు అనే అర్థం ఉన్న అరబ్బీ మాట నుంచి ఆ పేరు వచ్చింది. పాత రాజుల కాలం నుంచి ఉన్న రకరకాల పన్నులను కంపెనీ వదలకుండా ఒక గంపలో వేసుకుంది. ఇంటికి పన్ను, అంగడికి పన్ను, నేతగాడి మగ్గానికి పన్ను, వడ్రంగికీ కమ్మరికీ పన్ను, రోడ్డు పక్కన గంప పెట్టుకుని అమ్ముకునే వాడికీ పన్ను. అక్కడ దొర బగ్గీ మీద మొదలై రైతు గుర్రం దాకా వచ్చిన పన్ను, ఇక్కడ మొదలవడమే పేదవాడి పనిముట్టు మీద మొదలైంది.

దీని మీద గట్టిగా గొంతెత్తిన మొదటివాళ్ళలో ఒక తెలుగువాడు ఉన్నాడని మన పిల్లలకు చెప్పాలి. ఆయన మద్రాసు వ్యాపారి గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి, ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటుకు పెద్ద అర్జీ పంపారు. అందులో మొహతర్ఫా గురించి రాసిన ముక్క ఇవాళ చదివినా ఒళ్ళు మండుతుంది. పనివాడు వాడే అతి చౌక పనిముట్టు ఖరీదు కన్నా, దాన్ని వాడుకోనిచ్చినందుకు కట్టే పన్ను చాలాసార్లు ఆరు రెట్లు ఎక్కువగా ఉంటోందని అందులో చెప్పారు. రూపాయి ఉలికి ఆరు రూపాయల పన్ను! వంద మాటలు ఎందుకు, ఆ ఒక్క లెక్క చాలు.

వసూలు ఎలా జరిగేదో తెలుసుకోవడానికి 1854లో చిత్రహింసల విచారణ సంఘం వేయక తప్పలేదు. ఆ విషయం పార్లమెంటు దాకా తీసుకుపోవడంలోనూ లక్ష్మీనరసు చెట్టి కృషి ఉంది. 1855లో వచ్చిన నివేదిక శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్న మాట నిజమేనని తేల్చింది. వేళ్ళను చెక్కల మధ్య పెట్టి నొక్కే చిరతలు, మెడకూ కాలివేళ్ళకూ తాడు బిగించి ఎండలో వంచి నిలబెట్టడాలు, అన్నీ అందులో ఉన్నాయి. అంత హింస భరించిన వాళ్ళ మనవలం మనం. మనల్ని పట్టుకునే ఇవాళ "మీరు పన్ను కట్టరు" అంటున్నారు!

జనం గోల, అర్జీల ఒత్తిడి తోడై 1860ల తొలినాళ్ళకు మొహతర్ఫా పోయింది. కాని ఎంచే అలవాటు పోలేదు. మగ్గం పోయి పశువు వచ్చింది. అడవి మీద సర్కారు పెత్తనం వచ్చాక, తరతరాలుగా మేపుకున్న బీట్లోకి పశువును తోలాలంటే తలకు ఇంత అని పుల్లరి కట్టమన్నారు. పల్నాటి రైతులు కట్టం పొమ్మన్నారు. అటవీ ఉద్యోగులకు నిప్పూ నీళ్ళూ ఇవ్వలేదు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు ముందు నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో ఆయన్ని కాల్చి చంపారు. ఆవు గడ్డి మేసినందుకు వేసిన పన్ను కోసం ఒక మనిషి ప్రాణం తీసిన చరిత్ర అది.

తెలంగాణలో ఇంకా ఘోరం. అక్కడ దొర పన్ను వేయలేదు, కాడినే తోలుకుపోయాడు. తొలకరి పడగానే రైతు నాగలి తన పొలంలోకి కాదు, ముందు దొర పొలంలోకి వెళ్ళాలి. అది వెట్టి. తన చేను దున్నేసరికి అదును దాటిపోయేది. స్కాట్లండ్ రైతుకు పన్ను వేసినా రిజిస్టరులో పేరైనా రాశారు. వెట్టి చేసిన మన కాడికి రసీదు లేదు, చిట్టా లేదు. లెక్క లేని ఆ పన్నుకు లెక్క చెప్పింది సాయుధ పోరాటమే.

నేటి బిల్లు

ఇప్పుడు జేబులో బిల్లు తీయండి. వెయ్యి రూపాయల పురుగుమందు కొంటే దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 180 రూపాయలు. మిరపకు, పత్తికి ఒక సీజన్లో ఎన్నిసార్లు కొడతామో, ఎన్ని వేలవుతాయో మీకు మేము చెప్పనక్కర్లేదు. తెగులు తగ్గినా తగ్గకపోయినా ఆ 180 పోయినట్టే. పంట మునిగినా పోయినట్టే. ఆనాటి గుర్రాల రిజిస్టరులో పంట గడి లేనట్టే, ఈనాటి బిల్లులోనూ లేదు.

2017 జులైలో జీఎస్టీ వచ్చిన నాటి నుంచి ట్రాక్టరు మీద 12 శాతం, దాని టైర్ల మీద 18 శాతం వసూలు చేశారు. ఎనిమిదేళ్ళు మనం అరిచాక 2025 సెప్టెంబరులో రెంటినీ 5 శాతానికి దించారు. మంచిదే. కాని ఆ ఎనిమిదేళ్ళు కట్టింది ఎవరు తిరిగిస్తారు? పురుగుమందు సంగతి ఎందుకు ముట్టుకోలేదు?

"జీఎస్టీ అందరికీ ఉంది, రైతుకే కాదు" అంటారు. ఇక్కడే అసలు మోసం ఉంది. ఫ్యాక్టరీ వాడు యంత్రం కొన్నా, ముడిసరుకు కొన్నా దాని మీద కట్టిన జీఎస్టీని తను అమ్మే సరుకు పన్నులో మినహాయించుకుంటాడు. అందరికీ తెలిసిన ఇన్‌పుట్ క్రెడిట్ అంటే అదే. రైతు ఆ పద్ధతిలోనే లేడు. ధాన్యం మీద పన్ను లేదు కాబట్టి, కొన్న మందు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ధర నిర్ణయించేది రైతు కాదు కాబట్టి దాన్ని పంట మీద వేసుకోలేడు కూడా. ఫ్యాక్టరీకి దారిలో ఒక మజిలీ లాంటి పన్ను, రైతుకు చివరి స్టేషను.

"మరి వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కదా" అనేది రెండో మాట. ఆదాయం ఉన్నవాడికి కదా ఆ మినహాయింపు పనికొచ్చేది! నాలుగెకరాల కౌలు రైతుకు మినహాయించడానికి మిగిలేది ఏముంది? ఇక సినిమా డబ్బును, కాంట్రాక్టు డబ్బును వ్యవసాయ ఆదాయమని చూపించి తప్పించుకునే పెద్దలున్నారు. వాళ్ళ మీద పన్ను వేయండి, పట్టుకోండి. మేము అడ్డం రాము సరికదా, ముందుండి చప్పట్లు కొడతాం. వాళ్ళను చూపించి మమ్మల్ని దొంగలనడం మాత్రం ఒప్పుకోం.

పిట్ దొర కనీసం బగ్గీ మీద పన్ను వేశాకే దున్నే గుర్రం దగ్గరికి వచ్చాడు. మన పాలకులు ఆ పాటి వరుస కూడా పాటించలేదు. మన దేశంలో 1957 నుంచి సంపద పన్ను ఉండేది. కార్లు, నగలు, సముద్రంలో షికారు పడవలు, సొంత విమానాలు, పట్నంలో ఖాళీ స్థలాలు దాని కిందికి వచ్చేవి. అంటే నేటి బగ్గీలన్నమాట. 2015 బడ్జెట్లో దాన్ని రద్దు చేశారు. 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లేనని, వసూలు ఖర్చు ఎక్కువని కారణం చెప్పారు. ఏడాదికి కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం సర్‌చార్జీ వేశాం కదా అన్నారు. ఆదాయం వేరు, కూడబెట్టిన ఆస్తి వేరు. ఇంత పెద్ద దేశంలో అంతంతమంది కోటీశ్వరుల నుంచి వెయ్యి కోట్లే వచ్చాయంటే లోపం పన్నులో ఉందా, వసూలు చేసే చేతిలో ఉందా? 2019 సెప్టెంబరులో పెద్ద కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఖర్చూ రాబడీ ఎవరూ లెక్క చూడలేదు. ఊరేగే బండికి మినహాయింపు, దున్నే బండికి పన్ను: ఇదీ నేటి నీతి.

వసూలుకు ఉన్న పేరు సాయానికి ఉండదు

ఆ స్కాట్లండ్ రిజిస్టర్లలో ఇంకో పాఠం ఉంది. అక్కడి రైతుల్లో అత్యధికులు కౌలుదార్లు. భూమి దస్తావేజుల్లో వాళ్ళు లేరు, అక్కడ దొరల పేర్లే ఉంటాయి. పెద్ద మేడల గోడల మీద వాళ్ళ బొమ్మలు లేవు. కాని గుర్రం పన్ను భూమి ఎవరిదని అడగలేదు. నాగలి పట్టింది ఎవరని అడిగింది. అందుకే ఆ రిజిస్టరులో సాగుదారు పేరు దొరుకుతుంది. ఇవాళ ఆ చిట్టాలను అక్షరం అక్షరం చూసి రాసి అందరూ చదువుకునేలా పెట్టారు. తమ పెద్దలు ఏ ఊళ్ళో ఎన్ని గుర్రాలతో సేద్యం చేశారో మనవళ్ళ మనవళ్ళు వెతుక్కుంటున్నారు. పీడించడానికి రాసిన కాగితమే చివరికి ఆ పేదల ఆనవాలుగా మిగిలింది.

మన సంగతి చూడండి. మన పాత అడంగల్లో, పహాణీలో కనీసం రెండు గడులు ఉండేవి. పట్టాదారు ఎవరు, అనుభవంలో ఉన్నది ఎవరు. తెలంగాణలో కొత్త పాసు పుస్తకాలు, ధరణి వచ్చాక అనుభవదారు గడినే తీసేశారు. చేనులో ఉన్న మనిషి కాగితం మీద మాయమయ్యాడు. 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవాడికే చేరింది, సాగు చేసేవాడికి చేరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. రెండో చట్టంలో భూయజమాని సంతకం పెడితేనే కౌలు రైతుకు కార్డు అన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనని రైతు భయం. కార్డు రాదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారంలో పేరు లేదు, కొనుగోలు కేంద్రం దగ్గర తంటా తప్పదు.

మందు కొన్నప్పుడు ఆ 180 రూపాయలు తీసుకోవడానికి పట్టాదారు సంతకం ఎవరైనా అడిగారా? దుకాణం దగ్గర కౌలు రైతు నూటికి నూరు పాళ్ళూ రైతే. తుపాను వచ్చి చేను మునిగాక, సర్వే వచ్చినప్పుడు మాత్రం "నీ పేరు రికార్డులో లేదు" అంటారు. ఇచ్చేటప్పుడు కనపడని వాడు తీసుకునేటప్పుడు ఎలా కనపడ్డాడు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పమని ప్రతి కలెక్టరేట్ ముందూ నిలబడి అడగాలి. ఆ రైతు ఉరి వేసుకున్నాక కూడా అతను రైతేనని రుజువు చేసుకోవడానికి భార్య ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఇళ్ళు మన మండలాల్లో ఉన్నాయి. వాళ్ళ ముఖం చూశాక ఇది పాత చిట్టాల కథ అని పక్కన పెట్టలేం.

మన డిమాండ్లు

ఒకటి: పురుగుమందులు, ఎరువులు, సేద్యపు పనిముట్ల మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తివేయాలి. ఎత్తివేసినా తయారీలో దాగిన పన్ను రైతు నెత్తిన పడకుండా చూడాలి. అంతవరకు రైతు కట్టిన పన్నును బిల్లు చూసి సాగుదారు ఖాతాకు తిరిగివ్వాలి. ఫ్యాక్టరీకి ఇచ్చే హక్కునే అడుగుతున్నాం, దయ కాదు.

రెండు: ప్రతి సీజన్లో గ్రామసభలో, అందరి ముందూ, ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో రాయాలి. దానికి యజమాని సంతకం అడగకూడదు. ఆ నమోదుతో యజమానికి భూమి పోదని చట్టంలోనే స్పష్టంగా రాసి ఆయన భయమూ తీర్చాలి. రికార్డులో అనుభవదారు గడిని తిరిగి తేవాలి.

మూడు: పెద్ద సంపద మీద పన్ను మళ్ళీ వేయాలి. బగ్గీ ముందు, నాగలి తర్వాత కాదు. బగ్గీకే, నాగలికి వద్దు.

నాలుగు: పాత తాలూకా కచేరీల్లో చెదలు పడుతున్న అడంగళ్ళు, పహాణీలు, జమాబందీ లెక్కలు కాపాడి, ప్రతి ఊరి రైతూ ఉచితంగా చూసుకునేలా పెట్టాలి. మన తాతలు ఏ చేను దున్నారో చెప్పే సాక్ష్యం అది. ఎన్నో కుటుంబాలకు కోర్టులో మిగిలిన ఏకైక సాక్ష్యం కూడా అదే.

ఇవి అడగడానికి ముందు మనం చేయవలసిన పని ఒకటి ఉంది. ఈ సీజన్ నుంచి ప్రతి సభ్యుడూ ఒక నోటు పుస్తకం పెట్టాలి. మందు, ఎరువు, డీజిల్, స్పేరు పార్టు ఏది కొన్నా బిల్లు అడిగి తీసుకోవాలి. తేదీ, సరుకు, ధర, అందులో పన్ను ఎంత, పుస్తకంలో రాయాలి. చదువు రాని అన్నలకు, అక్కలకు బడికెళ్ళే పిల్లల చేత రాయించాలి. కౌలు రైతులు తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఇంకెవరూ వాళ్ళ కోసం రాయరు. సీజన్ చివర మండల సమావేశానికి ఆ పుస్తకాలన్నీ తెండి. కలిపి కూడదాం. ఊరి మొత్తం ఎంత కట్టిందో, మండలం మొత్తం ఎంత కట్టిందో బోర్డు మీద రాసి బజారులో నిలబెడదాం. "రైతులు పన్ను కట్టరు" అన్నవాళ్ళను ఆ బోర్డు ముందుకు పిలుద్దాం.

గడియారాల వాళ్ళు ఏడాదిలో గెలిచింది వాళ్ళ దగ్గర సంఘం ఉండబట్టి. గుర్రాల వాళ్ళు పాతికేళ్ళు మోసింది విడివిడిగా ఉండబట్టి. లక్ష్మీనరసు చెట్టి అర్జీలో బలం ఆ ఆరు రెట్ల లెక్కలో ఉంది. మన దగ్గర సంఘం ఉంది. లెక్క మనం రాయాలి. ఇన్నాళ్ళూ చిట్టా వాళ్ళ చేతిలో ఉండబట్టి వాళ్ళు చెప్పిందే నిజమైంది. ఈ సీజన్ నుంచి చిట్టా మన చేతిలో ఉండాలి.